తొలి నల్ల ఎలుగుబంటి వేట, ఆ మాంసం వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ రాసినదంతా అమెరికా, కెనడాలలో లైసెన్స్ తీసుకుని చేసే వేట గురించే. మొదటిసారి వెళ్లేవాళ్లు గురి గురించి ఎక్కువ అడుగుతారు, వేడి గురించి తక్కువ అడుగుతారు. నిజానికి ఎలుగుబంటి మాంసం పాడయ్యేది రెండు చోట్లే: అడవిలో వేడి త్వరగా దిగకపోతే ఒకసారి, పొయ్యి మీద వేడి సరిపడా ఎక్కకపోతే ఇంకోసారి.

ఇండియాలో ఎలుగుబంటిని వేటాడొచ్చా?

కుదరదు. శ్రీశైలం, నల్లమల, ఉద్దానం వైపు కనిపించే ఎలుగుబంటి, హిమాలయాల నల్ల ఎలుగు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ కిందికి వస్తాయి. వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, ఆపైన జరిమానా. ఉత్తర అమెరికా నల్ల ఎలుగు వేరే జాతి. అక్కడ రాష్ట్ర వన్యప్రాణి శాఖలే ఎన్నిటిని, ఎప్పుడు, ఎలా వేటాడాలో ఏటా నిర్ణయిస్తాయి.

హెచ్-1బి మీద ఉన్నాను. రైఫిల్ పట్టుకోవచ్చా?

మామూలుగా అయితే నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి రైఫిల్ రేంజిలో ఒకసారి పేల్చి చూసినా ఆ లెక్కలోకే వస్తుంది. అయితే ఒక మినహాయింపు ఉంది: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే రైఫిల్. ఈ వరుస తప్పితే ఇమిగ్రేషన్ కేసు దాకా వెళ్లొచ్చు. లైసెన్స్ గడువు తీరే తేదీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ రోజుతో మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. రాష్ట్ర చట్టాలు వీటికి అదనం, అనుమానం ఉంటే లాయర్‌ని అడిగాకే కొనండి.

లైసెన్స్ ఉంటే చాలా?

చాలదు. చాలా చోట్ల మూడు కావాలి: హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, ఆ ఏడాది హంటింగ్ లైసెన్స్, ఎలుగుబంటికి విడిగా ట్యాగ్ (ఒక జంతువును కొట్టడానికి ఇచ్చే చీటీ) లేదా పర్మిట్. మోంటానాలో వీటికి తోడు ఎలుగుబంట్లను గుర్తుపట్టే పరీక్ష కూడా పాసవ్వాలి. విస్కాన్సిన్‌లో ట్యాగ్ లాటరీ ద్వారా ఇస్తారు, ఏళ్ల తరబడి పాయింట్లు పోగేసుకోవాల్సి వస్తుంది. మెయిన్ రాష్ట్రంలో మాత్రం పర్మిట్ కొనుక్కుని వెళ్లొచ్చు. తొలిసారి వెళ్లేవాళ్లు లాటరీ లేని రాష్ట్రం చూసుకోవడమే మేలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో విదేశీయులు మామూలుగా గైడ్ లేకుండా పెద్ద జంతువుల వేటకు వెళ్లకూడదు.

స్ప్రింగ్‌లో (వసంతంలో) వెళ్లాలా, ఫాల్‌లోనా (ఆకురాలే కాలంలోనా)?

వంట కోసమైతే ఫాల్. శీతాకాల నిద్రకు ముందు ఎలుగులు రోజుకు 20,000 కేలరీల దాకా తింటాయి, బెర్రీలు, ఓక్ కాయలు తిన్న జంతువు మాంసం తియ్యగా ఉంటుంది, కొవ్వు కూడా దండిగా దొరుకుతుంది. కానీ సెప్టెంబరు ఎండలో మాంసం త్వరగా చెడుతుంది. స్ప్రింగ్‌లో చల్లగా ఉంటుంది, కొండ వాలుల్లో కొత్త గడ్డి మేస్తూ ఎలుగులు దూరం నుంచే కనిపిస్తాయి. అప్పుడు కొవ్వు తక్కువ. మగవి ముందుగా గుహల్లోంచి బయటికొస్తాయి, పిల్లల తల్లులు చివర్లో వస్తాయి. అందుకని సీజన్ మొదట్లో వెళితే తల్లిని కొట్టే ప్రమాదం తగ్గుతుంది. వాషింగ్టన్, కొలరాడోల్లో స్ప్రింగ్ వేట ఇప్పుడు లేదు.

ఎర పెట్టొచ్చా?

రాష్ట్రాన్ని బట్టి. మెయిన్, మిన్నెసోటా, విస్కాన్సిన్, ఐడహోల్లో నిబంధనలకు లోబడి పెట్టొచ్చు. కొలరాడోలో 1992లో, ఒరెగాన్‌లో 1994లో, వాషింగ్టన్‌లో 1996లో ఓటర్లే ఎరను, వేట కుక్కలను నిషేధించారు. మెయిన్‌లో 2004లో, 2014లో ఓటుకు పెట్టినా నిషేధం ఓడిపోయింది. ఎరగా చాక్లెట్ వాడకండి. అందులోని థియోబ్రొమిన్ ఎలుగులకు విషం. 2014లో న్యూహాంప్‌షైర్‌లో ఒకే ఎర దగ్గర 4 ఎలుగులు చచ్చిపోయాయి.

ఎర దగ్గర కూర్చునే వేటలో దూరం తక్కువ, జంతువును తీరిగ్గా గమనించే వీలుంటుంది. ఎర లేని చోట ఎత్తుమీద కూర్చుని బైనాక్యులర్‌తో ఎదుటి వాలు వెతకాలి, కనిపించాక గాలికి ఎదురుగా దగ్గరకు వెళ్లాలి. ఎలుగు చూపు ఇంచుమించు మనిషి చూపు లాంటిదే, ముక్కు మాత్రం అసాధారణం. వీపు మీద గాలి తగిలిందంటే మీ వాసన దానికి చేరినట్టే, వెనక్కి తిరిగి ఇంకో దారి చూసుకోండి.

అది గ్రిజ్లీ కాదని ఎలా తెలుస్తుంది?

గ్రిజ్లీ అక్కడి ఇంకో పెద్ద ఎలుగు, నల్ల ఎలుగు లైసెన్స్‌తో దాన్ని కొట్టకూడదు. రంగు చూసి నిర్ణయించకండి. నల్ల ఎలుగులు గోధుమ రంగులో, దాల్చినచెక్క రంగులో కూడా ఉంటాయి. భుజాల మీద మూపురం ఉంటే గ్రిజ్లీ. పక్కనుంచి చూస్తే గ్రిజ్లీ ముఖం కళ్ల కింద లోపలికి వంగి ఉంటుంది, నల్ల ఎలుగు ముఖం నుదుటి నుంచి ముక్కు దాకా తిన్నగా దిగుతుంది. ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా, లేత రంగులో ఉంటే గ్రిజ్లీ. పొట్టిగా, నల్లగా, వంకరగా ఉంటే నల్ల ఎలుగు. ఒక్క గుర్తుతో తేల్చుకోకుండా కనీసం రెండు సరిపోవాలి. వ్యోమింగ్, మోంటానా, ఐడహోల్లో ఈ పొరపాటు ఫెడరల్ కేసు దాకా వెళ్లొచ్చు.

పెద్దదో చిన్నదో, తల్లో కాదో ఎలా చెప్పాలి?

చెవులు చూడండి. పిల్ల ఎలుగు చెవులు తల మీద నిటారుగా, తలకు మించి పెద్దవిగా కనిపిస్తాయి. పెద్దదానివి చిన్నగా, పక్కలకు జరిగినట్టుంటాయి. పెద్ద మగదాని పొట్ట నేలకు దగ్గరగా వేలాడుతుంది, కాళ్లు పొట్టిగా అనిపిస్తాయి. కాళ్లు పొడుగ్గా, ఒళ్లు సన్నగా ఉన్నట్టు కనిపిస్తే అది చిన్నదే, వదిలేయండి.

పిల్లలున్న తల్లిని కొట్టడం చాలా రాష్ట్రాల్లో నేరం. పిల్లలు చెట్టెక్కి ఉండొచ్చు, గడ్డిలో ఉండొచ్చు, తల్లి వెనక చాలా దూరంలో రావొచ్చు. తొందర పడకుండా పది నిమిషాలైనా చూడండి. ఎలుగు మాటిమాటికీ వెనక్కో, చెట్టు మీదికో చూస్తుంటే అనుమానించాలి.

ఏ రైఫిల్, ఎంత దూరం?

జింక వేటకు వాడే రైఫిల్ చాలు: 270, 308, థర్టీ ఆట్ సిక్స్ (ఇవి తూటా రకాల పేర్లు). ఎర దగ్గరైతే థర్టీ థర్టీ కూడా బాగా పనిచేస్తుంది. ఎక్కువ శక్తి ఉన్న తూటాలు పేల్చే భారీ మాగ్నమ్ రైఫిల్ కొని, దాని తన్నుకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం కన్నా, అలవాటైన 308తో గురిగా కొట్టడం నయం. విచ్చుకున్నా ముక్కలవని గట్టి తూటా ఎంచుకోండి. రాగి తూటాలైతే మాంసంలో సీసం తునకల బెడద ఉండదు, గర్భిణులు, పిల్లలు తినే ఇంట్లో ఇది ముఖ్యం. 100 గజాలకు స్కోప్ సరిచేసుకుని, బెంచి మీద కాక నేల మీద కూర్చుని, మోకాలి మీద ఆన్చి సాధన చేయండి. తొలి వేటకు 150 గజాలు దాటొద్దు.

గురి ఎక్కడ పెట్టాలి?

ఎలుగు పూర్తిగా పక్కకు తిరిగి, మన వైపున్న ముందు కాలు ముందుకు వేసినప్పుడు, భుజం వెనక, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తున. అక్కడ రెండు ఊపిరితిత్తులు, గుండె పైభాగం దొరుకుతాయి. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: పొట్ట కింద వేలాడే పొడవాటి వెంట్రుకలను కూడా ఒంటిలో కలిపి కొలవడం. అప్పుడు తూటా మరీ కిందికి పోయి వెంట్రుకలను కోసుకుంటూ వెళుతుంది. వెంట్రుకలు తీసేసి లోపలి శరీరాన్ని ఊహించుకోండి.

ఎదురుగా నిలబడినప్పుడు, తల మీద, వెనక నుంచి కొట్టొద్దు. పుర్రె ఏటవాలుగా ఉంటుంది, మెదడు చిన్నది. పైగా చాలా రాష్ట్రాలు ఎలుగు వయసు లెక్కకు దాని దంతం ఒకటి తీసుకుంటాయి, పుర్రె పగిలితే ఆ పని చెడుతుంది. కింద పడేదాకా రెండో తూటాకు సిద్ధంగా ఉండండి.

కాల్చాక పరుగెత్తి వెళ్లొచ్చా?

వద్దు. అరగంట ఆగండి. జింకలా నెత్తుటి జాడ ఆశించకండి: కొవ్వు గాయాన్ని మూసేస్తుంది, దట్టమైన బొచ్చు నెత్తురు పీల్చుకుంటుంది. అందుకే కాల్చిన క్షణంలో అది నిలబడ్డ చోటు, చివరిసారి కనిపించిన చెట్టు గుర్తు పెట్టుకోవాలి. చనిపోయేటప్పుడు కొన్ని ఎలుగులు దీర్ఘంగా మూలుగుతాయి. తొలిసారి విన్నవాళ్లకు మనసు కలుక్కుమంటుంది, ముందే తెలిసుంటే మంచిది. దగ్గరికి వెనకవైపు నుంచి వెళ్లి, పొడుగాటి కర్రతో కనుగుడ్డు తాకి చూడండి. రెప్ప కదలకపోతేనే రైఫిల్ దించాలి. తర్వాత మొదటి పని ట్యాగ్ నింపడం, ఫొటోలు ఆ తర్వాత.

మాంసం చెడకుండా ఏం చేయాలి?

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. అంగుళాల మందం కొవ్వు, దాని మీద బొచ్చు తోలు, చచ్చాక కూడా ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. బయట చల్లగా ఉన్నా తొడ ఎముక చుట్టూ వేడి తగ్గదు, తుంటి కీలు దగ్గర మాంసం పుల్లటి కంపు కొట్టడం మొదలవుతుంది. అది ఒకసారి మొదలైతే ఏ మసాలా దాచలేదు.

అరగంటలోపు పేగులు తీసేయండి. పొట్ట మీద గాటు పెట్టేటప్పుడు కత్తి మొన పైకి, రెండు వేళ్ల మధ్య ఉంచి కోయాలి, లేకపోతే పేగు తెగుతుంది. పిత్తాశయం, మూత్రాశయం చితక్కుండా చూసుకోండి. రెండు మూడు గంటల్లో తోలు ఊడదీయాలి. పొట్ట మధ్యగా, కాళ్ల లోపలి వైపుగా గాట్లు పెట్టి ఒలుస్తూ పోవాలి. కత్తికి కొవ్వు పట్టి మొద్దుబారుతూనే ఉంటుంది, నాలుగైదు మార్చుకునే బ్లేడ్లు దగ్గర పెట్టుకోండి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. తోలు తీశాక వెల్లకిలా పడుకోబెట్టిన ఎలుగు శరీరం మనిషిని తలపిస్తుంది. కొందరు అక్కడే ఆగిపోతారు. తెలిసి వెళ్లడం నయం.

తర్వాత నాలుగు కాళ్లు విడదీయండి, వెన్ను పక్కనున్న రెండు పొడవాటి కండలు, నడుం లోపలి మెత్తటి కండలు, మెడ, పక్కటెముకల మాంసం తీయండి. తొడలను ఎముక దాకా ఒక్క గాటు పెట్టి తెరిస్తే లోపలి వేడి బయటికి పోతుంది. గాలి ఆడే గుడ్డ సంచుల్లో పెట్టి నీడలో వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టొద్దు, వేడి, తడి రెండూ లోపలే ఉండిపోతాయి. బయట 10 డిగ్రీల సెల్సియస్ దాటితే వేలాడదీయడం మానేసి నేరుగా కూలర్‌లో ఐసు మీద పెట్టండి. కూలర్ అడుగు బిరడా తీసి ఉంచితే కరిగిన నీళ్లు పోతాయి, నీళ్లలో నానిన మాంసం పాలిపోయి రుచి చెడుతుంది. మాంసం 4 డిగ్రీలకు దిగే వరకు పని అయినట్టు కాదు.

మగదో ఆడదో తెలిపే గుర్తు శరీరానికి అంటిపెట్టి ఉంచాలని చాలా రాష్ట్రాల నిబంధన. పెన్సిల్వేనియాలో 24 గంటల్లో వన్యప్రాణి శాఖ చెక్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి, ఐడహోలో 10 రోజుల్లో పుర్రె, తోలు చూపించాలి. తినదగ్గ మాంసం అడవిలో వదిలేసి రావడం చాలా రాష్ట్రాల్లో నేరమే.

ఎంత మాంసం వస్తుంది?

బతికి ఉన్నప్పటి బరువులో మూడో వంతుకు అటూ ఇటూ. 90 కిలోల ఎలుగుకు ఎముకలు లేకుండా సుమారు 30 కిలోలు. రెండు పెద్ద కూలర్లు, 40 కిలోల ఐసు ఉంచుకోండి.

ఫ్రీజర్‌లో నెల పెడితే పురుగు చస్తుందంటారు. నిజమేనా?

పంది మాంసానికి నిజం, ఎలుగుకు కాదు. ఎలుగు కండల్లో ఉండే ట్రైకినెల్లా (మాంసంతో పాటు మన ఒంట్లోకి చేరే పరాన్నజీవి పురుగు) రకాలు కొన్ని గడ్డకట్టినా చావవు. 2022లో అమెరికాలోని సౌత్ డకోటాలో ఒక కుటుంబ కలయికలో ఇదే జరిగింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో వేటాడిన ఎలుగు మాంసాన్ని 45 రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, చీకులుగా గుచ్చి కాల్చారు. మాంసం సహజంగానే ముదురు రంగు కాబట్టి పచ్చిగా ఉందని చూపుకు తెలియలేదు. 6 మందికి జబ్బు చేసింది. అందులో ఇద్దరు మాంసం ముట్టలేదు, దానితో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు. 110 రోజులు గడ్డకట్టి ఉన్న అదే మాంసంలో కూడా కదిలే పురుగులు దొరికాయి.

ఉప్పు, పొగ, ఎండబెట్టడం, పసుపు, నిమ్మరసం, ఏవీ నమ్మదగినవి కావు. వేడి ఒక్కటే మందు. అమెరికా వ్యవసాయ శాఖ 71 డిగ్రీల సెల్సియస్ అంటుంది, ఆ కేసు మీద వచ్చిన 2024 ఆరోగ్య నివేదిక 74 అంటుంది. 74 పెట్టుకోండి. ఆ వేడి ముక్క నడిబొడ్డులో రావాలి. ముక్కలోకి గుచ్చే డిజిటల్ థర్మామీటర్ కొని, అన్నిటికన్నా లావు ముక్కల్లో మూడు చోట్ల చూడండి. మైక్రోవేవ్ వద్దు, వేడి సమంగా పాకదు.

ఉప్పు చూడటానికి కొంచెం నాలుక మీద వేసుకోవచ్చా?

మన వంటిళ్లలో చేయి తిరిగినవాళ్లు చేసే పొరపాటే ఇది. నానబెట్టిన ముక్కల మసాలా వేలితో నాకి చూడటం, సగం ఉడికిన పులుసు అరచేతిలో వేసుకోవడం, రెండూ ఈ మాంసంతో పనికిరావు. ఉప్పు కొలిచి వేయండి, కుక్కర్ దించాకే రుచి చూడండి. ఉల్లిపాయ, కొత్తిమీర కోసే బల్ల వేరుగా ఉంచండి. ఖీమా మిషన్ భాగాలన్నీ విడదీసి, వేడి నీళ్లు సబ్బుతో కడగాలి. కుక్కలకు పచ్చి తునకలు వేయొద్దు.

మన పద్ధతిలో కూర ఎలా వండాలి?

రుచి మేక మాంసానికి, ఎద్దు మాంసానికి మధ్యలో ఉంటుంది, కొంచెం తీపి తగులుతుంది. ముందు కాలి మాంసం కూరకు మంచిది. బంక ఎక్కువ ఉంటుంది కాబట్టి ఉడికే కొద్దీ గ్రేవీ చిక్కబడుతుంది.

కిలో మాంసం మీద బయటి కొవ్వు, తెల్లటి పొరలు పూర్తిగా తీసేయండి, అడవి వాసనంతా వాటిలోనే ఉంటుంది. 3 సెంటీమీటర్ల ముక్కలు కోసి, అర కప్పు పెరుగు, 2 చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచాన్నర ఉప్పు, 2 చెంచాల కారం, అర చెంచా పసుపు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

కుక్కర్‌లో 4 పెద్ద చెంచాల నూనెలో 4 లవంగాలు, 2 యాలకులు, అంగుళం దాల్చినచెక్క, 3 పెద్ద ఉల్లిపాయల తరుగు వేసి ఎర్రబడేదాకా, పదిహేను నిమిషాలైనా, వేయించాలి. 3 పచ్చిమిర్చి, కరివేపాకు వేయండి. ముక్కలు వేసి పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా తిప్పండి. ఈ మెట్టు దాటేస్తే కూర నీచు కొడుతుంది. పెద్ద చెంచా ధనియాల పొడి, కప్పు నీళ్లు పోసి మూత పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక సన్న మంట మీద లేత ఎలుగుకు 35 నిమిషాలు, ముదురుదానికి 50. మేక మాంసం లెక్కలో ఆరు విజిళ్లకు దించేస్తే రబ్బరులా సాగుతుంది. ఆవిరి దానంతట అదే పోనివ్వండి. ముక్క వేళ్లతో విడిపోవాలి. మూత తీసి నూనె తేలేదాకా ఇగరబెట్టి, చెంచా మిరియాల పొడి, అర చెంచా గరం మసాలా, కొత్తిమీర వేసి దించండి.

గోంగూర కావాలంటే 200 గ్రాముల ఆకు విడిగా మగ్గబెట్టి ఆఖర్లో కలపండి, ముందే వేస్తే అడుగంటి మాడుతుంది.

తునకలు, పచ్చడి, చీకులు?

పచ్చి మాంసాన్ని ఉప్పు పసుపు రాసి ఎండలో వేసే తునకల పద్ధతి ఎలుగుకు పనికిరాదు. ముందు కుక్కర్‌లో పూర్తిగా ఉడికించి, ఆ తర్వాత ఆరబెట్టుకోవచ్చు, అయినా రుచి తునకలది రాదు. పచ్చడికి కూడా అంతే: ఉడికించి, తడి ఆరాక నూనెలో వేయించి కలపండి, ఫ్రిజ్‌లో ఉంచి పది రోజుల్లో తినేయండి. నూనె కింద తేమ మిగిలితే బోట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. చీకులకు ఈ మాంసం మానుకోండి.

కొవ్వు ఏం చేయాలి?

పారేయొద్దు. ముందు చిన్న ముక్క పెనం మీద కరిగించి వాసన చూడండి. బెర్రీలు, ఓక్ కాయలు తిన్నదైతే ఏ వాసనా ఉండదు, చేపలు, చెత్త తిన్నదైతే ఇంట్లో నిలవలేరు. మంచిదైతే మాంసం ఆనవాలు లేకుండా చిన్న ముక్కలు కోసి, అడుగున అర కప్పు నీళ్లు పోసి, సన్న మంట మీద మూడు నాలుగు గంటలు కరిగించండి. నీటి బుడగలు ఆగి, తుక్కు లేత బంగారు రంగుకు వచ్చినప్పుడు దించి గుడ్డలో వడకట్టండి. గోధుమ రంగు దాకా ఉంచితే మాడు వాసన పట్టేస్తుంది. చల్లారాక తెల్లగా, మెత్తటి నెయ్యిలా పేరుకుంటుంది. పరోటాలకు, వేపుళ్లకు బాగుంటుంది, తోలు బూట్లకూ రాస్తారు. ఫ్రిజ్‌లో ఉంచండి.

మాంసం మీద మాత్రం కొవ్వు ఉంచి ఫ్రీజ్ చేయొద్దు. గడ్డకట్టిన చోట కూడా అది ముక్కిపోతుంది.

కాలేయం తినొచ్చా? పిత్తాశయానికి ధర ఉందట?

ధ్రువపు ఎలుగు కాలేయంలో ఎ విటమిన్ మనిషికి విషమయ్యేంత ఉంటుంది. నల్ల ఎలుగుదీ వదిలేయడమే మంచిది. పిత్తాశయం అమ్మకం చాలా రాష్ట్రాల్లో నేరం, ఎవరైనా బేరానికొస్తే దూరంగా ఉండండి. వేటాడిన మాంసం అమ్మడం కూడా కుదరదు, వండి పంచుకోవచ్చు. ఏ మాంసమో ముందే చెప్పి పెట్టండి. ఇండియాకు తోలు, గోళ్లు, మాంసం ఏదీ సూట్‌కేసులో పెట్టొద్దు. నల్ల ఎలుగు, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది.

తిన్నాక ఒంట్లో బాగోకపోతే?

మొదటి రెండు రోజుల్లో విరేచనాలు, కడుపు నొప్పి రావొచ్చు, రాకపోవచ్చు. అసలు లక్షణాలు రెండు వారాల నుంచి రెండు నెలల మధ్య బయటపడతాయి: జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్ల చుట్టూ వాపు. అప్పటికి తిన్న సంగతే మరిచిపోతారు, డాక్టర్ ఫ్లూ అనుకుంటారు. వెళ్లగానే ‘ఎలుగుబంటి మాంసం తిన్నాను’ అని తేదీతో సహా చెప్పండి, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క అడగండి. ఆల్బెండజోల్ లాంటి మందులున్నాయి, పురుగులు కండల్లో పాతుకుపోకముందే మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. అదే గిన్నెలో తిన్న మిగతావాళ్లకూ ఫోన్ చేయండి.